పొక్కల చదువు, బొక్కల డాక్టరు

మా ఇంటికి మొదటి రోగి వచ్చిన పొద్దున నేను తలకు నూనె పెట్టుకుని జడ వేసుకుంటున్నాను. నాలుగిళ్ల అవతల ఉండే అవ్వ వచ్చి, గడప పక్కన గోడకానుకుని కూలబడి, చీర మోకాలిదాకా జరిపింది.

"ఇగో బిడ్డా, గీడ. కూసుంటే లేవస్తలేదు, లేస్తే కూసోవస్తలేదు. జర చూడు."

చూశాను. కొద్దిగా వాచినట్టుంది. అంతకు మించి మోకాలి గురించి నాకేమీ తెలియదు.

"అవ్వా, నేను మనుషులను చూసే డాక్టర్ను కాదు. నేను చదివేది ఫిజిక్స్."

"ఏదైతేంది. బొక్కల డాక్టరు చదువుతున్నవని మీ బాపు ఊరంత చెప్పిండు. నావి బొక్కలు గావా?"

ఈ తప్పులో సగం భాషది, సగం నాది.

మాది కేతేపల్లి దాటాక హైవే దిగి లోపలికి పోతే వచ్చే ఊరు. తాతకు గుంట భూమి లేదు. బాపు వయసులో ఉన్నప్పుడు హమాలీ పని చేశాడు. నడుము పట్టేశాక నకిరేకల్ నిమ్మ మార్కెట్‌లో కాయలు ఏరే పనికి కుదిరాడు. ఆయన కుప్ప ముందు కూర్చుంటే పెద్దకాయ ఒక దిక్కు, చిన్నకాయ ఒక దిక్కు పోతూనే ఉంటాయి. కంటితో చూడడు, చేతికే తెలుస్తుంది. మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కినదాన్ని నేనే మొదలు. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు పీహెచ్‌డీలో సీటు దొరికితే, బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని నా వెంట వచ్చాడు, నా గైడ్ సార్‌కు దండం పెట్టి పోతానని.

సార్‌ది కృష్ణా జిల్లా. బాపుకు కుర్చీ వేయించి, టీ తెప్పించి, నేను చేయబోయే పని ఏమిటో వీలైనంత సులువుగా చెప్పాలని చూశారు. రంధ్రాలు అంటే ఈయనకు పెద్దమాట అవుతుందేమోనని దయతలచి ఇంటిమాటలోకి దిగారు.

"మీ అమ్మాయి బొక్కల మీద పనిచేస్తుందండీ. నాలుగైదేళ్లు కష్టపడితే డాక్టరైపోతుంది."

వాళ్ల వైపు బొక్క అంటే చిల్లు. మా వైపు బొక్క అంటే ఎముక. చిల్లును మేము పొక్క అంటాం. బాపు కుర్చీలోంచి లేచి రెండోసారి దండం పెట్టాడు.

తిరుగు బస్సు నకిరేకల్ దాటింది. బాపు మెల్లగా అడిగాడు.

"బిడ్డా, బొక్కలంటే మోకాలి బొక్కలు గూడ వస్తయా?"

అప్పుడే చెప్పేయవలసింది. కానీ ఆ అడిగిన తీరుకు నాకు నవ్వు ముంచుకొచ్చింది. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాను.

"అన్ని బొక్కలు వస్తయి బాపు."

"నడుముయి?"

"నడుముయి గూడ."

ఆయన తృప్తిగా తలూపి, టికెట్లు చూడటానికి వచ్చిన కండక్టర్‌తో, "మా బిడ్డ బొక్కల డాక్టరు చదువుతాంది" అన్నాడు. కండక్టర్ చొక్కా గుండీ విప్పి భుజం చూపించబోయాడు. నేను గాఢంగా నిద్రపోయాను.

ఇంతకీ నా చదువు ఇది. దుమ్ము కంటే సన్నటి ప్లాస్టిక్ గుండ్లను నీళ్లలో వేస్తే, ఎవరూ పేర్చకుండానే అవి ఒక వరసలో సర్దుకుంటాయి. ఒకదాని చుట్టూ ఆరు, మళ్లీ ఒక్కోదాని చుట్టూ ఆరు. అన్నిచోట్లా కుదరదు. కొన్నిచోట్ల వరస తప్పుతుంది. ఎక్కడ తప్పింది, ఎంత తప్పింది అని కంటితో చూసి చెప్తే, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకోరు. అందుకని టోపాలజీ అనే గణితాన్ని పట్టుకొస్తారు. దానికి పొడవు వెడల్పులతో పని లేదు. ముక్కలెన్ని, పొక్కలెన్ని అని మాత్రం అడుగుతుంది. ప్రతి గుండు నడుమ ఒక చుక్క పెట్టి, ఆ చుక్కల చుట్టూ వృత్తాలు గీసి, అన్నింటినీ ఒకేసారి మెల్లగా పెంచుతూ పోతాం. పక్కపక్క వృత్తాలు తగులుకున్నప్పుడు వాటి మధ్య ఒక పొక్క పుడుతుంది. ఇంకా పెంచితే పూడిపోతుంది. మూడు గుండ్ల మధ్య ఉండే సందు ఇట్టే పుట్టి ఇట్టే పోతుంది. అదే, ఒక గుండు ఉండాల్సిన జాగా ఖాళీగా ఉంటే, ఆ పొక్క చాలాసేపు బతుకుతుంది. అట్లా ఎక్కువకాలం బతికేవే లెక్కలోకి వస్తాయి. ప్రతి పొక్క పుట్టుకా చావూ కంప్యూటర్ రాసిపెడుతుంది.

అమ్మకు ఇదంతా ఒకసారి చెప్పాను. దేనికి పనికొస్తుందని అడిగింది. జడ్చర్ల ఫ్యాక్టరీల్లో చేసే మందుబిళ్లలు ఉంటాయి కదా, లోపల రేణువులు ఒక వరసలో గడ్డకడితే బిళ్ల కడుపులో తొందరగా కరుగుతుంది, ఇంకో వరసలో గడ్డకడితే కరగదు, అందుకని వరసలు తెలియాలి అని చెప్పాను. అమ్మ చాట పక్కన పెట్టి, "పొక్క పూడ్సుడు ఎరుకే గని, పొక్కకు జాతకం రాసుడు ఇప్పుడే ఇంటున్న" అంది.

రెండో ఏడాది వానకాలంలో మా మైక్రోస్కోప్ పాడై రిపేరుకు పోయింది. ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. సార్ నన్ను పిలిచి, ఊరికే కూర్చోకుండా పెద్ద సైజు గుండ్లతో ఏదైనా ప్రయోగం చేసి, ప్రోగ్రామ్ సరిగా పనిచేస్తుందో లేదో చూడమన్నారు. ఒకే సైజువి ఐదారు వందలు కావాలి, నీళ్ల మీద తేలాలి. నేను ఇంటికి పోయి బాపును అడిగాను. నిమ్మకాయలు అడిగేవాడు లేక మార్కెట్‌లో మిగిలిపోతున్న రోజులవి.

"ఒక్క సైజుయి కావాలె బాపు. వెంట్రుకవాసి తేడా రావొద్దు."

"వెంట్రుకవాసి అంటే నా ఎరుకలేదు. ఒక్క తల్లి పిల్లల తీరు తెస్త" అన్నాడు.

తెచ్చాడు. స్కేలు పెట్టి కొన్ని కొలిచి చూసి నోరు మూసుకున్నాను.

పెరట్లో బర్రెకు నీళ్లు పెట్టిన పాత సిమెంటు గోలెం ఉంది. గుండ్రంగా, అంచు దగ్గర నిలబడి చెయ్యి చాపితే నడుమకు అందేంత ఉంటుంది. బర్రెను అమ్మేశాక ఖాళీగానే పడి ఉంది. కడిగి నీళ్లు నింపాను. పాచి రంగు మీద కాయలు ఫొటోలో సరిగా తెలియడం లేదని, బట్టలకు పెట్టే నీలిమందు కలిపాను. పసుపుపచ్చటి కాయలు నీలం నీళ్ల మీద కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. పైన రెండు వెదురు కర్రలు అడ్డంగా కట్టి, ఫోన్ బోర్లా వేలాడదీసి, అరగంటకొక ఫొటో తీసేట్టు పెట్టాను. పొద్దున్నే కాయలన్నీ కలియబెట్టి, గోలెం అంచును రోకలితో మెల్లగా కొడుతూ కూర్చుంటే, కాయలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సర్దుకునేవి. పావుగంటకు ఒకదాని చుట్టూ ఆరు తేలేవి. చూడటానికి ముచ్చటగా ఉండేది.

అయితే గోడ అవతలి నుంచి చూసేవాళ్లకు ఏం కనబడిందో నేను ఆలోచించలేదు. పొద్దు పొడవకముందే ఒక ఆడపిల్ల స్నానం చేసి, తడితలతో, నీలం నీళ్లలో నిమ్మకాయలు వేసి, రోకలితో డిమ్ము డిమ్మని కొడుతూ, పెదవులు కదుపుతోంది. నేను లెక్కపెట్టుకుంటున్నాను. వాళ్లు ఇంకేదో అనుకున్నారు.

మోకాలి అవ్వ వచ్చింది ఆ వారమే. నా చదువులో మోకాలికి మందు లేదని ఎంత చెప్పినా కదల్లేదు. చివరికి నల్లగొండ పెద్ద దవాఖానకు పోయి ఎక్స్‌రే తీయించుకొమ్మని చెప్పాను. ఆమె వింటున్నట్టే ఉంది కానీ చూపు నా భుజం మీదుగా పెరట్లోకి పోయింది.

"గవి ఏంది బిడ్డా?"

"ప్రయోగం అవ్వా."

"ఊ" అంది అవ్వ. ఆ ప్రయోగం అనే మాట మా వైపు చేతబడికి కూడా వాడతారని నాకు ఆ క్షణంలో గుర్తు రాలేదు. వచ్చినా ఏమనేదాన్నో తెలియదు, ఎందుకంటే ఆమె మొహం చూస్తే నాకు మళ్లీ నవ్వు వచ్చింది.

మూడో రోజు నుంచి ఫొటోల్లో వింత మొదలైంది. పొద్దున ఎనిమిదింటికి చక్కగా నిండిన వరస. పదింటికి నడుమ ఒక పొక్క. పన్నెండింటికి రెండు. నేను గోలెం ముట్టుకోలేదు, గాలి లేదు, వాన లేదు. ప్రోగ్రామ్‌లో పెడితే అవి చాలాసేపు బతికే పొక్కలని తేలింది. అంటే ఉత్త సందులు కావు. మర్నాడూ అంతే. అన్నీ చుట్టూ ఆరు కాయలు సరిగ్గా ఉన్న చోటే పుడుతున్నాయి. చెదిరిన చోట, అంచుల్లో, ఒక్కటీ లేదు.

సార్‌కు పంపాను. పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఏమ్మా, నువ్వు కదిలించలేదు కదా?"

"లేదు సార్."

"వరస బాగా కుదిరిన చోటే బొక్క పడుతోంది, చూశావా. మనం ఇన్నాళ్లూ వరస చెడిన చోట పడుతుందనుకున్నాం."

ఆ రోజు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడోసారి నన్ను "అమ్మా" అనడం మాని "డాక్టర్ గారూ" అన్నారు. వచ్చే సోమవారం డిపార్ట్‌మెంట్ సెమినార్‌లో నన్నే మాట్లాడమన్నారు, వేరే యూనివర్సిటీ నుంచి ఒక పెద్ద ప్రొఫెసర్ గారు కూడా వస్తున్నారని చెప్పారు. నేను అమ్మ చీరల్లో ఏది కట్టుకోవాలా అని చూడటం మొదలుపెట్టాను.

ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. ప్రతి పొద్దునా కలియబెట్టేటప్పుడు గోలెం కాస్త వదులుగా అనిపించేది. ఎండకు కాయ వడలి చిన్నదవుతోందని నాకు నేనే చెప్పుకుని, బుట్టలోంచి నాలుగైదు తీసి వేసి బిగువు చేసేదాన్ని. కాయలు ఎన్నున్నాయో లెక్కపెట్టడం ప్రోగ్రామ్‌కు ఒక్క లైను పని. నేనూ సార్ ఇద్దరమూ పొక్కలు లెక్కపెట్టే సంబరంలో కాయలు లెక్కపెట్టడం మరిచిపోయాం.

సెమినార్‌కు ముందు రోజు ఆదివారం. బాపు, అమ్మ చర్చికి పోయారు. నేను స్లైడ్లు చేసుకోవాలని ఇంట్లో ఉండిపోయాను. పెరట్లో బుడుంగుమని చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే మోకాలి అవ్వ. చేతిలో బైబిల్ సంచి. రెండో చేయి మోచేతి దాకా నీలంగా ఉంది. వేళ్ల మధ్య నిమ్మకాయ.

నేను వెనక తలుపు తీసి బయటికి వచ్చాను. ఆమె ఉలిక్కిపడలేదు. కాయను కొంగుతో తుడుచుకుంది.

"అవ్వా, ఏం చేస్తున్నవు?"

"నడిమిది తీసుకున్న బిడ్డా. అంచులయి ముట్టలే."

"నడిమిదే ఎందుకు?"

నాకు ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "చుట్టు ఆరు కాపలా ఉన్నదానికే కదా పవరు. నువ్వే కదా గట్ల పేర్చినవు."

"నేను పేర్చలే అవ్వా. వాటికవే పేర్చుకున్నయి."

ఆ మాట అన్నాక నాకే తెలిసింది నేనెంత పొరపాటు చేశానో. అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. కాయను సంచిలో బైబిల్ పక్కన జాగ్రత్తగా పెట్టుకుంది.

"పాస్టరయ్యకు చెప్పకు" అంది.

"ఇంతకుముందు గూడ తీసినవా?"

"నాకు ఇది రెండోది. మొదటిది మోకాలికి కట్టుకున్న, మెత్తవడ్డది." తర్వాత ఎవరెవరు తీశారో ఒక్కొక్క ఇల్లే చెప్పుకొచ్చింది. మోకాళ్లు, నడుములు, ఒక మెడ, ఒక భుజం. పొద్దున నేను చాయ్ తాగేటప్పుడు ఒకరు, అన్నం తినేటప్పుడు ఒకరు. ఎవరికీ తొందర లేదు, ఎవరూ అత్యాశపడలేదు. ఫొటోకూ ఫొటోకూ మధ్య అరగంటలో చేతులు రావడం పోవడం ఫోన్‌కు దొరకలేదు.

"తినలేదు కదా? ఆ నీళ్లు తాగలేదు కదా ఎవరూ?" అని కంగారుగా అడిగాను.

"పిచ్చిదానా, కట్టుకునేదాన్ని ఎవరన్న తింటరా? మీ బాపు ఒక్క ఇంటికి ఒక్కటే అన్నడు, నేనే జర తప్పుజేసిన."

"మా బాపు అన్నడా?"

చర్చి నుంచి వచ్చేదాకా ఆయన కోసం గడపలో కూర్చున్నాను. రాగానే అడిగాను. బాపు చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, మంచం మీద కూర్చుని తీరుబడిగా జవాబిచ్చాడు.

"ఆడోళ్లు అడిగిండ్రు. నిమ్మకాయే గద అన్న."

"నేను బొక్కల డాక్టర్‌ను కాదు బాపు. నాది పొక్కల చదువు. అది అంత నీకు సార్ చెప్పిన మాట వల్ల..."

"గా ముచ్చట నాకెప్పుడో ఎరుక. మీ అమ్మ చెప్పింది."

"మరి ఊరంత ఎందుకు చెప్పినవు?"

"ఊరంత చెప్పినంక ఎరుకైంది. అప్పటికి మార్కెట్‌ల నన్ను డాక్టరు నాయిన అంటున్నరు. వాళ్ల నోరెందుకు మూయాలె?" తువ్వాలతో కాళ్లు తుడుచుకుంటూ అన్నాడు, "అయినా బస్సుల నువ్వు కిటికీ దిక్కు తిరిగి నవ్వుడు నేను చూడలేదనుకున్నవా? నువ్వు నన్ను రెండేండ్లు ఆడిచ్చినవు. నేను నిన్ను వారం రోజులు ఆడిచ్చిన. ఎవరిది తప్పెక్కువ?"

వంటింట్లోంచి అమ్మ నవ్వు వినిపించింది. నేను అటు చూస్తే అమ్మ పక్కకు తిరిగింది. అటక కింద రాగి బిందె కొత్తదానిలా మెరుస్తోంది. నిన్నటిదాకా నల్లగా ఉండింది.

"నువ్వు గూడనా అమ్మా?"

"ఒక్కటే" అంది అమ్మ. "బిందె తోమిన. పవరున్నది నిజమే."

ఇక సార్‌కు ఫోన్ చేయక తప్పదు. చేశాను. మొత్తం చెప్పాను, బస్సులో అన్న అబద్ధం దగ్గర మొదలుపెట్టి బిందె దాకా.

"ఎన్ని కాయలు పోయాయి?" అని అడిగారు సార్.

అవ్వ చెప్పిన ఇళ్లు, ఆమె రెండోది, అమ్మది కలిపాను. "పదమూడు సార్."

"ప్రోగ్రామ్ ఎన్ని బొక్కలు చెప్పింది?"

అవ్వ తీసింది ఆ అరగంట ఫొటోలో వచ్చిందో లేదోనని కంప్యూటర్ తెరిచి చూశాను. వచ్చింది. "పదమూడే."

అవతల ఏదో కింద పడిన చప్పుడు, వాళ్ల ఆవిడ "ఏమైందండీ" అనడం వినబడ్డాయి. ఆయన నవ్వుతున్నారని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. పెద్దగా నవ్వే మనిషి కాదు. నవ్వు అయ్యాక మామూలు గొంతుతో, "కొత్త సంగతి పోయింది కానీ, ప్రోగ్రామ్ నిలబడింది. ఒక్క దొంగతనం కూడా తప్పిపోలేదు. రేపు అదే మాట్లాడు" అన్నారు. ఫోన్ పెట్టేముందు, "మీ నాన్నగారికి నా క్షమాపణలు చెప్పమ్మా. ఇకమీదట రంధ్రాలనే అంటాను" అన్నారు.

ఆ రాత్రికి స్లైడ్లు మార్చాను. కొత్త కనుగోలు అని ఉన్నచోట, వరసలోంచి కాయలు తీసేస్తే పద్ధతి పట్టుకుంటుందా అనే పరీక్ష అని రాశాను. అబద్ధం ఒక్కటీ లేదు. సోమవారం అమ్మ చీర కట్టుకుని వెళ్లి మాట్లాడాను. అంతా అయ్యాక ఆ పెద్ద ప్రొఫెసర్ గారు కళ్లజోడు సవరించుకుని అడిగారు.

"తీసేసే కాయను ఎలా ఎంచుకున్నారు? యాదృచ్ఛికంగానా?"

"కాదు సార్. చుట్టూ ఆరు పూర్తిగా ఉన్నదాన్నే ఎంచాం."

"తీసేటప్పుడు మీ చెయ్యి తగిలి పక్కకాయలు కదలలేదా?"

"నా చెయ్యి కాదు సార్. స్థానికంగా అనుభవం ఉన్నవాళ్లతో తీయించాం. వాళ్లు చాలా జాగ్రత్తగా తీస్తారు."

మా సార్‌కు ఆ సమయంలో దగ్గు వచ్చి బయటికి వెళ్లిపోయారు. ప్రొఫెసర్ గారు మంచి పద్ధతి అని కాగితం మీద రాసుకున్నారు.

ఆ వారంలోనే అవ్వను బస్సెక్కించుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. అది నేను చేయవలసిన పని, ముందే చేసి ఉండవలసిన పని. ఎక్స్‌రే తీశారు, కీలు అరిగిందన్నారు, మందులిచ్చి, రోజూ చేయవలసిన కదలికలు చూపించారు. రెండు నెలలకు గోడ పట్టుకోకుండానే కూర్చుని లేవసాగింది. ఏది పనిచేసిందని ఎవరైనా అడిగితే, దవాఖాన డాక్టర్ గురించి కూడా ఒక మంచిమాట చెప్పేది.

థీసిస్ ముగిసేసరికి మరో మూడేళ్లు పట్టింది. నిమ్మకాయలది అందులో ఒక అధ్యాయం. ముందు పేజీలో కృతజ్ఞతలు రాస్తూ, మా వాడకట్టు అవ్వలందరినీ వరసగా చెప్పాను. ఆఫీసు నుంచి ఒక చీటీ వచ్చింది. ప్రయోగంలో సాయపడినవారి హోదా, వారు పనిచేసే సంస్థ రాయాలట. చాలాసేపు ఆలోచించి, అందరి ఎదురుగా "స్వతంత్ర పరిశోధకులు" అని రాశాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అచ్చయి వచ్చాక ఆ పేజీ అవ్వకు చదివి వినిపించాను. ఆమె మధ్యలో ఆపింది.

"గా మాటకు అర్థమేంది?"

"ఎవరి కింద పనిచేయకుండ, సొంతంగ వెతికి తెలుసుకునేటోళ్లు అని."

"గట్లయితే మా కోడలు పేరు గూడ రాయకపోయినవు. మా పెట్టె తాళంచెవి నేనేడ పెట్టినా అది వెతికి తీస్తది."